“ఎవరూ వద్దనలేదు కదా” అనే ముందు: గ్రూపులో మౌనాన్ని ఎలా చదవాలి, అందరి మాట ఎలా రాబట్టాలి

తిరుపతిలో ఏ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోనైనా ఏదో ఒక రోజు ఈ మాట వినపడుతుంది: “గ్రూపులో పెట్టాం కదా, ఎవరూ వద్దనలేదు.” ఆ మాట మీదే బోరు పడుతుంది, మెయింటెనెన్స్ పెరుగుతుంది, వాచ్‌మన్ మారిపోతాడు. డబ్బు కట్టమని అడిగిన రోజున గొడవ మొదలవుతుంది: “మమ్మల్ని అడిగిందెవరు?” ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడటం లేదు. గ్రూపులో పెట్టిన మాట నిజమే, వీళ్లను అడగలేదన్నదీ నిజమే.

నేను గట్టిగా నమ్మేది ఒక్కటే. మౌనానికి దానంతట దానికి అర్థం ఉండదు. మౌనంగా ఉంటే ఫలానా అర్థం తీసుకుంటామని ముందే అందరికీ చెప్పి, ఆ మాట అందరికీ చేరేలా చూసి, కాదనడానికి సులువైన దారి ఇచ్చినప్పుడే దానికి అర్థం వస్తుంది. అవేవీ లేకుండా మౌనాన్ని మనకు కావలసిన వైపు లెక్క వేసుకుంటే, అవతలివాళ్ల నోటిలో మన మాట పెట్టినట్టే.

చెప్పేదంతా ఒక ఉదాహరణ మీద నడిపిస్తాను. ఎయిర్ బైపాస్ రోడ్డు వైపు 48 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ అనుకోండి. బోరులో నీళ్లు తగ్గాయి, ట్యాంకర్ల ఖర్చు పెరిగింది. కొత్త బోరు వేద్దాం, ఫ్లాటుకు 12,000 రూపాయలు అని కోశాధికారి గ్రూపులో పెట్టారు. తొమ్మిది మంది బొటనవేలు గుర్తు పెట్టారు, నలుగురు దండం గుర్తు పెట్టారు, ఒకరు “మంచి నిర్ణయం సార్” అన్నారు. ఇంకొకరు “నీళ్లు పడకపోతే ఎట్లా?” అని అడిగారు. దానికి ఎవరూ జవాబివ్వలేదు. తర్వాత రెండు రోజులు గ్రూపులో శుభోదయాలు తప్ప ఏమీ రాలేదు. ఈ గ్రూపు ఒప్పుకున్నట్టా, లేనట్టా?

మొదటి మెట్టు: ఎవరి మాట లెక్కో ముందు రాసుకోండి

గ్రూపులో 83 మంది ఉన్నారు. ఫ్లాట్లు మాత్రం 48. ఈ రెండు అంకెలూ కలిసిపోతే తర్వాత వేసే ప్రతి లెక్కా తప్పుతుంది. కొన్ని ఇళ్లలో భార్యాభర్తలిద్దరూ గ్రూపులో ఉంటారు. కొన్నిటిలో అద్దెకున్నవాళ్లు ఉంటే, యజమాని బెంగళూరులోనో చెన్నైలోనో అమెరికాలోనో ఉంటారు. ఫ్లాటు అమ్మేసి వెళ్లిపోయినా గ్రూపులోంచి బయటికి రానివాళ్లు ఒకరిద్దరుంటారు. స్మార్ట్‌ఫోన్ లేని పెద్దవాళ్లు అసలు గ్రూపులోనే ఉండరు.

కాబట్టి ఒక కాగితం మీద 101 నుంచి చివరి ఫ్లాటు దాకా వరుసగా రాయండి. ప్రతి నంబరు పక్కన ఈ విషయంలో మాట చెల్లే మనిషి ఎవరో రాయండి. బోరు ఖర్చు యజమానిది కాబట్టి మాట యజమానిదే. చెత్త బండి ఎన్ని గంటలకు రావాలి అన్నదైతే, ఆ ఇంట్లో ఉంటున్నవాళ్ల మాటకే బరువు ఎక్కువ. విషయం మారితే ఈ జాబితా కూడా మారుతుంది. సంఘం రిజిస్టరై ఉంటే బైలాస్, అంటే సంఘం నియమావళి, కూడా తీసి చూడండి. ఎంతమంది హాజరైతే తీర్మానం చెల్లుతుంది, నోటీసు ఎన్ని రోజుల ముందు ఇవ్వాలి అన్నవి అందులో ఉంటాయి. గ్రూపులో ఎంత చక్కగా అభిప్రాయం సేకరించినా అది సర్వసభ్య సమావేశం స్థానంలోకి రాదు.

ఇప్పుడు మన ఉదాహరణ చూడండి. సానుకూలంగా స్పందించినవాళ్లు 14 మంది. అందులో రెండు జంటలున్నాయి కాబట్టి ఫ్లాట్లు 12. వాటిలో మూడింటి నుంచి స్పందించింది అద్దెకున్నవాళ్లు. మిగిలింది 9. ఆ తొమ్మిదిలో అయిదు కమిటీ సభ్యులవే. అంటే ప్రతిపాదన పెట్టినవాళ్లను పక్కన పెడితే, 43 ఫ్లాట్లలో నాలుగు మాత్రమే ఔనన్నాయి. తెర మీద ఊరంతా ఒప్పుకున్నట్టు కనబడినది, కాగితం మీదికొచ్చేసరికి నాలుగు ఇళ్లయింది.

రెండో మెట్టు: చేరడం వేరు, చదవడం వేరు

మీరు పంపిన మెసేజ్‌ను నొక్కి పట్టి ఇన్ఫో చూడండి. ఎవరికి చేరిందో, ఎవరు తెరిచారో పేర్లు వస్తాయి. సెట్టింగుల్లో నీలం టిక్కులు ఆపేసుకున్నా, గ్రూపుల్లో మాత్రం చదివిన సంగతి తెలుస్తుంది. పంపినవాళ్లకే ఈ వివరం కనిపిస్తుంది కాబట్టి, ముఖ్యమైన మెసేజ్ ఎవరు పంపుతారో ఆయనే ఈ లెక్క చూడాలి.

మన గ్రూపులో పంపినవారు పోగా 82 మంది. 61 మంది తెరిచారు, 17 మందికి చేరింది కానీ తెరవలేదు, నలుగురికి చేరనే లేదు. ఫ్లాట్ల జాబితాలో గుర్తులు పెట్టుకుంటూ వెళ్తే 37 ఫ్లాట్లలో కనీసం ఒకరు చూశారు, 11 ఫ్లాట్లలో ఎవరూ చూడలేదు. చూసిన 37లో స్పందించినవి 12, ప్రశ్న అడిగినది 1. చూసి ఊరుకున్నవి 24.

ఇక మీద మీ పని రెండు ముక్కలు. 11 ఫ్లాట్లది మౌనమే కాదు, వాళ్లకు సంగతే తెలియదు. గ్రూపును ఆర్కైవ్‌లో పడేసినవాళ్లు, మ్యూట్ చేసినవాళ్లు, నంబరు మారినవాళ్లు అందులో ఉంటారు. వాళ్లకు విడిగా మెసేజ్ పెట్టండి, లేదా తలుపు తట్టండి. అసలు చదవాల్సిన మౌనం ఆ 24 ఫ్లాట్లది.

తెరిచినంత మాత్రాన చదివారనుకోకండి. అలిపిరి దగ్గర సిగ్నల్ కోసం ఆగినప్పుడు ఒక్కసారి తెరిచి, పైపైన చూసి మూసేసి ఉండొచ్చు. మన దగ్గర ఇంకో సంగతి కూడా ఉంది. తిరుపతి, చిత్తూరు వైపు తెలుగు చక్కగా మాట్లాడుతూ, చదవడం మాత్రం తమిళమే వచ్చిన కుటుంబాలు చాలా ఉన్నాయి. పెద్ద తెలుగు మెసేజ్ వాళ్లకు కొండంత కనబడుతుంది. నిమిషం నిడివి వాయిస్ మెసేజ్ ఒకటి జతచేస్తే ఆ ఇబ్బంది తీరుతుంది. నడుస్తూ, వంట చేస్తూ కూడా వింటారు.

సమయం కూడా చూసుకోండి. బ్రహ్మోత్సవాల తొమ్మిది రోజుల్లో కొండ మీద డ్యూటీ ఉన్నవాళ్లు ఇంట్లో మనుషులకే దొరకరు, మీ పోల్‌కు ఏం దొరుకుతారు? గంగమ్మ జాతర వారం, వైకుంఠ ఏకాదశి ముందు రోజులు, పిల్లల పరీక్షల రోజులు కూడా అంతే. అప్పుడు వచ్చే మౌనంలో అభిప్రాయం వెతకడం దండగ.

మూడో మెట్టు: ఊరుకోవడంలో రకాలు

అన్నిటికంటే ఎక్కువ ఓపిక పట్టాల్సింది ఇక్కడే. చదివి ఊరుకున్నవాళ్లందరినీ ఒకే గంపలో వేయకూడదు.

కొందరు నిజంగానే ఒప్పుకుని ఊరుకుంటారు. చెప్పడానికి కొత్తగా ఏమీ లేదు, పదిహేనో బొటనవేలు ఎందుకని. ఈ రకం ఉంటారు, తక్కువేమీ కాదు. వెబ్‌సైట్లను జనం ఎలా వాడతారో పరిశీలించే జేకబ్ నీల్సన్ 2006లో చెప్పిన మోటు లెక్క ఒకటుంది: ఆన్‌లైన్ సమూహాల్లో నూటికి 90 మంది చూసి ఊరుకుంటారు, 9 మంది అప్పుడప్పుడు పలుకుతారు, ఒక్కరు మాత్రం చాలా మాట్లాడతారు. ఒకరినొకరు ఎరిగిన కాలనీ గ్రూపుల్లో ఇంత తేడా ఉండకపోవచ్చు. అయినా ఎక్కువమంది ఊరుకోవడం మామూలే, అందులో కోపం వెతకనక్కర్లేదు.

కొందరు ఎవరో ఒకరు అడుగుతారులే అని ఆగుతారు. అమెరికాలో లతానే, డార్లీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1968లో ఒక ప్రయోగం చేశారు. మనిషి గదిలో కూర్చుని ఫారం నింపుతుంటే గోడ సందులోంచి పొగ రానిచ్చారు. ఒంటరిగా ఉన్నవాళ్లలో నూటికి 75 మంది లేచి వెళ్లి చెప్పారు. పక్కన ఇద్దరు ఏమీ పట్టనట్టు కూర్చున్నప్పుడు చెప్పినవాళ్లు నూటికి 10 మందే. “నీళ్లు పడకపోతే ఎట్లా?” అన్న ప్రశ్నకు జవాబు రాకపోవడం కూడా ఇలాంటిదే. అది 83 మందిని ఉద్దేశించిన ప్రశ్న కాబట్టి ఒక్కరికీ తనదనిపించలేదు. కోశాధికారిని పేరు పెట్టి అడిగి ఉంటే ఆ సాయంత్రమే జవాబొచ్చేది.

కొందరికి విషయం అర్థం కాదు, అడిగితే తెలివితక్కువ అనుకుంటారేమోనని జంకు. వేయాల్సిన లోతు ఎంత, మోటారు ఖర్చు అందులోనేనా, పడకపోతే డబ్బు పోయినట్టేనా అని మనసులో అడుగుతూనే ఉంటారు. కొందరికి విసుగు. పోయినసారి చెప్పిన మాట ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి ఈసారి నోరు తెరవరు. ఈ విసుగు మౌనం పైకి అంగీకారంలాగే కనబడుతుంది కాబట్టి దాన్ని పట్టుకోవడం కష్టం. పాత చర్చలు వెనక్కి తిప్పి చూడండి. ఒకప్పుడు బాగా మాట్లాడి ఇప్పుడు ఆగిపోయినవాళ్ల పేర్లు కనబడితే, ముందు వాళ్లతో మాట్లాడండి.

ఇక మొహమాటం. మనవాళ్ల మౌనంలో పెద్ద భాగం ఇదే. ప్రతిపాదన పెట్టింది పెద్దాయన. పొద్దున లిఫ్ట్‌లో కలుస్తాం, ఆయన కోడలు మన పాపకు ట్యూషన్ చెబుతుంది. అందరి ముందు వద్దని ఎలా రాస్తాం? మనస్తత్వ శాస్త్రవేత్త సోలమన్ ఆష్ 1951లో చూపించిన సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి. గీతల పొడవు పోల్చమని చిన్న పరీక్ష. పక్కనున్నవాళ్లంతా ముందే మాట్లాడుకుని తప్పు చెబితే, అసలు మనిషి కూడా సుమారు మూడింట ఒక వంతు సార్లు కళ్ల ముందున్నది వదిలేసి వాళ్లతో గొంతు కలిపాడు. కానీ ఒక్క మనిషి నిజం చెబితే చాలు, ఆ లొంగుబాటు బాగా తగ్గిపోయింది. గ్రూపులో మొదటి “కానీ” అన్నవాళ్లను మనం ఎలా చూసుకున్నామన్నదాని మీద మిగతా మౌనమంతా ఆధారపడి ఉంటుంది. బోరు గురించి ప్రశ్న వేసిన ఆ ఒక్కరికీ గౌరవంగా, అంకెలతో జవాబిస్తే తర్వాత ఇంకో ముగ్గురు అడుగుతారు. ఆ ప్రశ్న గాలికి పోతే ఆ ముగ్గురూ ఎప్పటికీ అడగరు.

జర్మనీకి చెందిన ప్రజాభిప్రాయ పరిశోధకురాలు ఎలిజబెత్ నోయెల్ నాయ్‌మన్ 1974లో దీన్ని ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్లారు. తనది తక్కువమంది మాట అని తోచినవాళ్లు నోరు మూసుకుంటారు, దాంతో ఆ మాట నిజంగానే ఇంకా తక్కువగా వినబడుతుంది, అది చూసి ఇంకొందరు ఆగిపోతారు. అదే ఏడాది జెర్రీ హార్వీ అనే అమెరికా మేనేజ్‌మెంట్ ఆచార్యుడు టెక్సాస్‌లోని తన కుటుంబం కథ రాశారు. మండుటెండలో 53 మైళ్ల దూరం భోజనానికి వెళ్లొచ్చాక తెలిసింది, నలుగురిలో ఒక్కరికీ వెళ్లాలని లేదట. మిగతావాళ్లకు ఇష్టమేమో అనుకుని ప్రతి ఒక్కరూ సరేనన్నారు. కమిటీలోనే ఇలా జరిగే అవకాశం ఉంది. బోరు వద్దు, ట్యాంకరే నయం అని అయిదుగురిలో ముగ్గురు లోపల అనుకుంటూ ఉండొచ్చు.

చివరి రకం, భయం. చిత్తూరు వైపు తోతాపురి మామిడి రైతుల గ్రూపు ఒకటి ఊహించుకోండి. 2025లో ధర పడిపోయినప్పుడు గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం 4 రూపాయలు కలుపుతుందని ప్రకటన వచ్చింది. అలాంటి సీజన్‌లో “నిజంగా మీకెంత పడింది?” అని గ్రూపులో అడిగితే, కాయ కొనే మనిషి కూడా అదే గ్రూపులో ఉన్నప్పుడు ఎవరు రాస్తారు? రేపు మళ్లీ ట్రాక్టరు తీసుకుని ఆ గేటు ముందే నిలబడాలి. స్కూలు తల్లిదండ్రుల గ్రూపులో టీచరు ఉన్నా, ఆఫీసు గ్రూపులో అధికారి ఉన్నా ఇదే తీరు. ఏ మౌనాన్నైనా అంచనా వేసే ముందు సభ్యుల జాబితా తెరిచి, ఇక్కడ ఎవరి ముందు ఎవరు మాట్లాడలేరో చూడండి. అలాంటి మనిషి ఉంటే ఆ గ్రూపులో ఆ ప్రశ్న అడగడమే మానేయండి. వేరే దారి పట్టాలి, అది అయిదో మెట్టులో చెబుతాను.

నాలుగో మెట్టు: పలికిన మాటలను కూడా జాగ్రత్తగా చదవండి

మాట వచ్చినంత మాత్రాన అభిప్రాయం వచ్చినట్టు కాదు. దండం గుర్తు మన గ్రూపుల్లో అన్నిటికీ పనికొస్తుంది: చూశాను, కృతజ్ఞతలు, మీరు పెద్దవారు, ఇక నన్ను వదిలేయండి. దాన్ని ఓటుగా లెక్కపెట్టకండి. బొటనవేలు కూడా చాలాసార్లు “అందింది” అనే. అది ఔనో కాదో మీకు తెలియాలంటే ముందే చెప్పాలి: “ఈ మెసేజ్‌కు బొటనవేలు పెడితే చూసినట్టు మాత్రమే. ఒప్పుకోవడం పోల్‌లో చెప్పండి.”

“మీరు ఎట్లా అంటే అట్లే అన్నా”, “పెద్దలు చూసుకోండి”, “అందరూ కడితే మేమూ కడతాం”, “చూద్దాం సార్”, “ఇప్పుడే కావాలా?” ఇవన్నీ ఔను పక్కన రాయకండి. నా అనుభవంలో “అందరూ కడితే” అన్నవాళ్లు చాలాసార్లు మనసులో వద్దనుకున్నవాళ్లే. “చూద్దాం” కూడా మర్యాదగా వాయిదా వేయడం. “మీరు ఎట్లా అంటే అట్లే” అన్నవాళ్లలో కొందరికి నిజంగా పట్టింపు లేదు, కొందరు అడిగిన మనిషిని బాధపెట్టలేక అంటారు. ఈ తేడా తెర మీద తెలియదు, గొంతు వింటేనే తెలుస్తుంది. అందుకే వీటికి కాగితంలో వేరే గడి పెట్టి “ఫోన్ చేయాలి” అని రాసుకోండి.

ఇంకో రెండు పనులు. మెసేజ్‌లను కాదు, మనుషులను లెక్కపెట్టండి. ఒకే ఆయన పద్దెనిమిది మెసేజ్‌లు పెడితే గ్రూపంతా ఎదురు తిరిగినట్టు అనిపిస్తుంది, కాగితం మీద అది ఒక ఫ్లాటు. అలాగే మాట మారిన చోటు గుర్తుపెట్టుకోండి. బోరు ఊసు రాగానే ఎవరో పార్కింగ్ సంగతి తెస్తే, వాళ్లు బోరు గురించి మాట్లాడటానికి ఇష్టపడటం లేదని అనుమానించవచ్చు.

అయిదో మెట్టు: కాదనడం సులువయ్యేలా అడగండి

“ఎవరికైనా అభ్యంతరం ఉందా?” అన్న ప్రశ్నకు మన దగ్గర జవాబు రాదు. అభ్యంతరం అన్న మాటలోనే గొడవ పెట్టుకున్నట్టు ధ్వని ఉంది. “ఇందులో మీకు నచ్చనిది ఒక్కటైనా చెప్పండి” అని అడగండి. నచ్చనిది చెప్పమని మీరే అడిగారు కాబట్టి చెప్పడంలో తప్పు లేదు. కమిటీలో ఒకరు ముందుగా “నాకైతే లోతు గురించి అనుమానం ఉంది” అని రాస్తే దారి తెరుచుకుంటుంది. ఆ అనుమానం మాత్రం నిజంగా ఉన్నదై ఉండాలి.

పోల్ పెట్టేటప్పుడు ఔను, కాదు అనే రెండే పెట్టకండి. బోరుకైతే ఇలా: “వేద్దాం, 12,000 కడతాను”, “వేద్దాం కానీ వాయిదాల్లో కడతాను”, “ముందు భూగర్భ జలాల సర్వే చేయిద్దాం”, “వద్దు, ట్యాంకర్లతో సరిపెట్టుకుందాం”, “నాకు ఏదైనా సరే”. ఈ చివరిది తప్పకుండా ఉండాలి. పట్టింపు లేనివాళ్లు అందులో వేస్తారు, వాళ్లను మౌనంలోంచి బయటికి తెచ్చినట్టవుతుంది. ఇక మిగిలిన మౌనం చిన్నదవుతుంది, దాన్ని చదవడమూ తేలిక. వాట్సాప్ పోల్‌లో 12 దాకా ఎంపికలు పెట్టొచ్చు, అయిదు దాటితే జనం చదవరు. ఒకరు ఒకటి కంటే ఎక్కువ ఎంచుకోవచ్చా అనే మీట ఉంటుంది, పంపే ముందే అది ఎలా ఉందో చూసుకోండి. మూడు నాలుగు దారులున్న విషయంలో “మీరు ఒప్పుకోగలిగినవన్నీ గుర్తు పెట్టండి” అనడం నాకు నచ్చుతుంది. లేకపోతే వద్దనేవాళ్లంతా మూడు ఎంపికల మధ్య చీలిపోయి, తక్కువమందికి నచ్చినదే గెలుస్తుంది.

పేరు కనబడాలా, వద్దా? వాట్సాప్ మామూలు పోల్‌లో ఎవరు దేనికి వేశారో అందరికీ తెలుస్తుంది, మొదట పడ్డ ఓట్లు తర్వాతవాళ్లను లాగుతాయి. చెత్త బండి సమయానికి అది చాలు. డబ్బు, మనుషులు, కులం, పాత తగాదాలు తగిలే విషయాలకు చాలదు. అప్పుడు టెలిగ్రామ్‌లో పేర్లు దాచే పోల్ ఉంది, ఈమెయిల్ సేకరించని గూగుల్ ఫారం ఉంది. ఇవి రెండూ రానివాళ్లకు పాత పద్ధతే మేలు: ఫ్లాటుకొక చీటీ, వాచ్‌మన్ గది దగ్గర తాళం వేసిన డబ్బా, రెండు రోజుల గడువు, నలుగురి ముందు లెక్కింపు.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. బౌద్ధ భిక్షువుల నియమాలు చెప్పే వినయ గ్రంథాల్లో శలాకలతో, అంటే పుల్లలతో, అభిప్రాయం తీసుకోవడానికి మూడు పద్ధతులు చెప్పారు: బహిరంగంగా, ఒక్కొక్కరికీ చెవిలో చెప్పి, రహస్యంగా. ఏ విషయానికి ఏది తగునో చూసుకుని వాడేవాళ్లు. చెవిలో చెప్పి అడగడమంటే ఈ కాలంలో ఫోన్ చేయడమే.

ఆరో మెట్టు: ఊరుకున్నవాళ్లలో కొందరికి ఫోన్ చేయండి

స్పందించినవాళ్ల మాటను బట్టి ఊరుకున్నవాళ్ల మనసు ఊహించకూడదు. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికకు ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక కోటి మందికి నమూనా ఓటు పత్రాలు పంపింది. 23 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. వాటిని చూసి రిపబ్లికన్ అభ్యర్థి లాండన్ గెలుస్తారని రాసింది. ఆయన ప్రత్యర్థి రూజ్వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచారు. పంపిన జాబితాలోనూ లోపం ఉంది, జవాబు రాసినవాళ్లకూ రాయనివాళ్లకూ మధ్య తేడా కూడా ఉంది. 23 లక్షల మంది చెప్పినా మిగతావాళ్ల మాట తెలియలేదు.

మన 24 ఫ్లాట్లకు తిరిగొస్తే, అందరికీ చేసే ఓపిక ఉంటే చేయండి. లేకపోతే జాబితాలో ప్రతి మూడో ఫ్లాటు తీసుకోండి, ఎనిమిది వస్తాయి. మీకు పరిచయమున్నవాళ్లను ఏరుకుంటే మీ మాటే మీకు తిరిగి వినబడుతుంది. ఫోన్ చేసేది ప్రతిపాదన పెట్టిన ఆయన కాకుండా ఇంకొకరైతే మంచిది. ఇలా మొదలుపెట్టొచ్చు:

“అన్నా, నేను 204లోంచి. బోరు సంగతి గ్రూపులో చూసింటారు. మిమ్మల్ని ఒప్పించడానికి చేయలేదన్నా. కొందరు వేద్దామంటున్నారు, కొందరు ముందు సర్వే అంటున్నారు. మీకేమనిపిస్తోంది? మీ పేరు ఎక్కడా చెప్పను.”

చెప్పాక ఆగండి. అవతల ఒక నిమిషం మాట రాకపోయినా మీరు నింపకండి. మొదట వచ్చేది “ఏముంది అన్నా, మీరు చూసుకోండి” అనే. కాసేపాగితే అసలు మాట వస్తుంది: పోయిన నెలే కూతురి ఫీజు కట్టాను, పోయినసారి బోరు లెక్కలు చూపించలేదు, ఫ్లాటు అమ్మకానికి పెట్టాను. పేరు చెప్పనన్న మాట తప్పకూడదు, ఒక్కసారి తప్పితే ఆ అపార్ట్‌మెంట్‌లో ఇంకెవరూ మీతో మనసు విప్పరు.

ఎనిమిది ఫోన్లు ఓట్ల లెక్కకు పనికిరావు. ఆ 24లో ఏ రకం మౌనం ఎక్కువో మాత్రం తెలుస్తుంది. ముగ్గురు సరేనని, ఇద్దరు డబ్బు ఇబ్బందని, ఇద్దరు సర్వే కావాలని, ఒకరు అమ్ముకుంటున్నానని చెప్పారనుకోండి. ప్రతిపాదనను వాయిదాలతో, సర్వేతో మార్చి మళ్లీ పెట్టాలని అర్థం.

ఏడో మెట్టు: మౌనాన్ని అంగీకారంగా ఎప్పుడు తీసుకోవచ్చు

ప్రతి చిన్నదానికీ 48 జవాబులు కావాలంటే ఏ పనీ జరగదు. మౌనం అంగీకారమనే నియమం పెట్టుకోవడంలో తప్పు లేదు, షరతులుంటే చాలు. బౌద్ధ సంఘంలో ముఖ్యమైన నిర్ణయాలకు ముందు ప్రతిపాదన వినిపించి, తర్వాత మూడుసార్లు ప్రకటించేవాళ్లు. సమ్మతించేవారు మౌనంగా ఉండండి, సమ్మతించనివారు మాట్లాడండి అని ప్రతిసారీ చెప్పేవాళ్లు. ఆ హద్దులో ఉన్న భిక్షువులంతా హాజరవ్వాలి, జబ్బుతో రాలేనివారు ఇంకొకరి ద్వారా తమ సమ్మతి పంపాలి. ఇన్ని కట్టుబాట్ల మధ్య ఉన్న మౌనం అది. అపాచీ అనే సాఫ్ట్‌వేర్ సంస్థలో వేర్వేరు దేశాల్లో ఉండి పనిచేసేవాళ్లు కూడా ఇలాంటి పద్ధతే వాడతారు. చేయబోయేది ముందే చెప్పి, సాధారణంగా 72 గంటలు ఆగి, ఎవరూ కాదనకపోతే ముందుకు వెళ్తారు. భూగోళం మీద ఎక్కడున్నా నిద్రలేచి చూసుకునే వ్యవధి అది.

గ్రూపుకు ఇలా రాయొచ్చు:

“అందరికీ నమస్కారం. వచ్చే ఆదివారం ఉదయం 9 నుంచి 1 దాకా ట్యాంకు శుభ్రం చేయిస్తున్నాం, ఆ సమయంలో నీళ్లు రావు. అదనంగా డబ్బు కట్టేది లేదు. రోజు కుదరనివాళ్లు గురువారం రాత్రి 8 లోపు ఇక్కడ గానీ నాకు విడిగా గానీ చెప్పండి, కారణం చెప్పనక్కర్లేదు. ఎవరూ చెప్పకపోతే అందరికీ సరే అని తీసుకుంటాం. మంగళవారం, గురువారం ఇంకోసారి గుర్తుచేస్తాను.”

గడువు, డబ్బు సంగతి, విడిగా చెప్పే దారి, మౌనానికి ఏ అర్థం తీసుకుంటారన్నది, గుర్తుచేయడం అన్నీ ఇందులో ఉన్నాయి. ఒకటి తగ్గినా మౌనాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. తిరిగి సరిదిద్దుకోగలిగిన చిన్న విషయాలకే ఈ దారి. ఇంటింటి నుంచి డబ్బు వసూలు, ఒకరిని పనిలోంచి తీసేయడం, ఒక కుటుంబానికి ఉన్న సదుపాయం తగ్గించడం, వెనక్కి తీసుకోలేని పనులు, వీటికి నోరు తెరిచి చెప్పిన ఔను కావాలి.

తుఫాను, వరద, అగ్ని ప్రమాదాలప్పుడు మౌనాన్ని క్షేమంగా ఎప్పుడూ తీసుకోకండి. 2021 నవంబరు వానల్లో తిరుపతి కాలనీలు నీట మునిగాయి. అలాంటి రాత్రి కరెంటు పోతే ఫోన్లూ ఆగిపోతాయి. “అందరూ బాగున్నారా?” అని అడిగితే జవాబు రానివాళ్ల దగ్గరకే ముందు మనిషిని పంపాలి.

ఎనిమిదో మెట్టు: ఒక్కరి అభ్యంతరాన్ని తూచడం

ఇంటర్నెట్ ప్రమాణాలు రూపొందించే ఐఈటీఎఫ్ సమావేశాల్లో చేతులెత్తించి లెక్కపెట్టడానికి బదులు గొంతులో “మ్” అనమనే పద్ధతి ఉంది. మొగ్గు ఎటుందో తెలుస్తుంది, అన్నదెవరో తెలియదు. వాళ్లు 2014లో రాసుకున్న ఒక పత్రంలో నాకు బాగా నచ్చిన మాట ఉంది: వందమంది ఔనని అయిదుగురు కాదన్నా ఏకాభిప్రాయం కుదరనట్టే కావొచ్చు. ఆ అయిదుగురు లేవనెత్తినదానికి జవాబు దొరికిందా లేదా అన్నదే చూడాలి.

లిఫ్టు మరమ్మతుకు నెల రోజులు ఆపుదామంటే 47 ఫ్లాట్లు సరేనన్నాయనుకోండి. నాలుగో అంతస్తులో చక్రాల కుర్చీ మీద ఉన్న అమ్మ గురించి ఒకరు అడిగారు. ఇక్కడ 47కూ 1కీ తూకం వేయకూడదు. ఆమెకు ఆ నెల ఎలా గడుస్తుందో తేలేదాకా నిర్ణయం పూర్తి కానట్టే. అదే ఒక్కరు రంగు నచ్చలేదంటే, విన్నామని చెప్పి ముందుకు వెళ్లొచ్చు.

తొమ్మిదో మెట్టు: ఫలితంలో మౌనాన్ని కూడా రాయండి

“అందరూ ఒప్పుకున్నారు” అని ఎప్పుడూ రాయకండి. అంకెలు పెట్టండి:

“48 ఫ్లాట్లలో బోరు వేద్దామన్నవి 29 (వాటిలో 11 వాయిదాల్లో). వద్దన్నవి 7. ఏదైనా సరే అన్నవి 4. జవాబు రానివి 8. వద్దన్నవారు చెప్పిన ముఖ్య కారణం నీళ్లు పడవేమోనన్న అనుమానం. అందుకే ముందు సర్వే చేయించి, ఆ రిపోర్టు గ్రూపులో పెట్టి, సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేస్తాం. అప్పటిదాకా ఎవరైనా అభిప్రాయం మార్చుకోవచ్చు.”

జవాబు రాని ఎనిమిదింటిని ఏ గడిలోనూ కలపలేదు చూడండి. వద్దన్న ఏడుగురి కారణం కూడా అందరికీ తెలిసింది, వాళ్ల పేర్లు మాత్రం రాలేదు. ఈ మెసేజ్‌ను గ్రూపులో పిన్ చేసి, ఫ్లాట్ల కాగితాన్ని మినిట్స్ పుస్తకంలో పెట్టుకోండి. సర్వే రిపోర్టు రాగానే మొదట ఫోన్ చేయాల్సింది ఆ ఎనిమిది ఫ్లాట్లకే.